తెరచాప పడవలో కాపురం: కల ఎంత, లెక్క ఎంత?

2024 నవంబరులో సోమశిల రేవు నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక శాఖ లాంచీ మొదలైంది. నల్లమల కొండల మధ్య సుమారు 120 కిలోమీటర్లు, ఏడు గంటల ప్రయాణం. ఆ తర్వాత ఏడాది మే 29న మన నౌకాదళ అధికారులు దిల్నా, రూప ‘తారిణి’ అనే తెరచాప పడవలో భూమిని చుట్టి గోవా చేరుకున్నారు. ఇద్దరే మనుషులు, 17 మీటర్ల పడవ, సుమారు ఎనిమిది నెలలు, 25 వేల నాటికల్ మైళ్ళు.

ఈ రెండు వార్తల పక్కనే మూడోది ఒకటి రోజూ మీ ఫోన్‌లో నడుస్తోంది. ఎవరో ఒక జంట ఉద్యోగాలు మానేసి, నలభై ఏళ్ళ నాటి సెయిల్‌బోటు చవగ్గా కొని, రంగులేసి, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, ల్యాప్‌టాప్ మీద పని చేసుకుంటూ దేశాలు తిరుగుతుంటారు. గద్వాల కుర్రాడికైనా, వనపర్తి హాస్టల్లో ఉన్న అమ్మాయికైనా అల్గారిదమ్ అదే వీడియో చూపిస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ అలవాటైన తరం కదా! మాదాపూర్‌లో సింగిల్ రూముకి కట్టే అద్దె గుర్తొచ్చి, ‘మనమూ ఒక పాత పడవ కొంటే ఎట్లుంటది?’ అనిపించడం సహజమే.

నవ్వి కొట్టిపారేయాల్సిన ఆలోచనేం కాదిది. అట్లాగని వీడియోలో చూపించినంత తేలికా కాదు. కొత్త ఫోన్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్లు, బ్యాటరీ, సర్వీస్ సెంటర్ చూస్తాం కదా, అదే పద్ధతిలో ఈ కలని విప్పి చూద్దాం. పడవ, దాని ఆరోగ్యం, కరెంటు, డబ్బు, కాగితాలు, చివరికి మీరు. ఈ వరసలోనే.

మన కృష్ణలో నడపొచ్చా?

ముందు మన ఇంటి ముందున్న నీళ్ళ సంగతి. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం ప్రకారం కృష్ణా నది వజీరాబాద్ నుంచి కర్ణాటకలోని గలగలి దాకా 628 కిలోమీటర్ల మేర నాలుగో జాతీయ జలమార్గంలో భాగం. అంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల మీదుగా పారే కృష్ణ కాగితం మీద జాతీయ రహదారి లాంటిదే. వాస్తవంలో మాత్రం జూరాల ఒక గోడ, శ్రీశైలం ఇంకో గోడ. పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే లాకులు ఈ డ్యాముల్లో లేవు. సోమశిల దగ్గర నీటిలో దించిన పడవ సముద్రం చూడాలంటే లారీ ఎక్కాల్సిందే.

రెండో చిక్కు లోతు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవికి అది పదుల అడుగులు దిగిపోతుంది. నీళ్ళలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడి, జనం నడిచి వెళ్ళి దర్శనం చేసుకునేది అందుకే. వానాకాలంలో రేవున్న చోట వేసవిలో బురద ఉంటుంది. సముద్రానికి పనికొచ్చే 36 అడుగుల సెయిల్‌బోటుకి నీటి కింద కనీసం అయిదారు అడుగుల లోతు కావాలి. నీటి పైన తెరచాప స్తంభం మరో నలభై, యాభై అడుగులు లేస్తుంది. దానికి వంతెనలూ అడ్డమే, కరెంటు తీగలూ అడ్డమే.

అయితే ఈ నీళ్ళు మనకి ఒక పాఠం మాత్రం నేర్పుతాయి. జూరాల దిగువన మీరు పుట్టి ఎక్కే ఉంటారు. గుండ్రటి బుట్ట. అడుగున ఏమీ ఉండదు కాబట్టి గాలి, ప్రవాహం ఎటు తోస్తే అటు తిరుగుతుంది. సెయిల్‌బోటు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దాని కడుపు కింద సీసంతోనో ఇనుముతోనో చేసిన బరువైన రెక్క ఒకటి ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. గాలి పక్క నుంచి తోసినా పడవ పక్కకి జారకుండా ఆపుతుంది. ఎంత వంచినా లేచి నిలబడే తంజావూరు బొమ్మలా పడవని మళ్ళీ నిటారుగా నిలబెడుతుంది. పాత పడవ కొనడమంటే సగం ఈ కీల్‌ని కొనడమే.

నీళ్ళ మీద ఆధారపడి బతకడం ఎట్లా ఉంటుందో తెలియాలంటే గద్వాల పక్కనే ఉన్న గుర్రంగడ్డ వాళ్ళని అడగండి. కృష్ణ నడుమ దీవిలో ఉన్న ఊరు అది. జూరాల గేట్లు ఎత్తితే రాకపోకలు ఆగిపోతాయి. ఆసుపత్రి అవసరం పడ్డా నది తగ్గేదాకా చూడాల్సిందే. వంతెన కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్న ఆ ఊరి వాళ్ళకి పడవ బతుకు సరదా కాదు. మీరు వెళ్ళాలనుకునే సముద్రంలో కూడా వాతావరణం చెప్పిందే వేదం. సోమవారం ఆఫీసు మీటింగ్ ఉందని తుఫాను ఆగదు.

ఎంత పెద్దది, ఎంత బరువైంది?

దూర ప్రయాణాలు చేస్తూ ఇద్దరు ఉండటానికి సాధారణంగా 32 నుంచి 40 అడుగుల పడవ సరిపోతుంది. చిన్నదైతే సామానుకి చోటుండదు. పెద్దదైతే తెరచాపలు బరువు, తాళ్ళు లావు, రేవు అద్దె ఎక్కువ. పొడుగు పెరిగే కొద్దీ ఖర్చు అంతకంటే వేగంగా పెరుగుతుంది.

పాత డిజైన్ అంటే పనికిరానిదని అనుకోవద్దు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేస్ నిబంధనే చూడండి: 32 నుంచి 36 అడుగుల మధ్య ఉండాలి, డిజైన్ 1988కి ముందుది అయ్యుండాలి, పడవ అడుగంతా సాగే పొడవాటి కీల్ ఉండాలి. 2022 రేస్‌లో మన మాజీ నౌకాదళ అధికారి అభిలాష్ టామీ రస్లర్ 36 రకం పడవలో రెండో స్థానంలో వచ్చారు. 16 మంది బయల్దేరితే ఎక్కడా ఆగకుండా పూర్తి చేసింది ముగ్గురే. అదే అభిలాష్ 2018 రేస్‌లో హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో తుఫానుకి స్తంభం విరిగి, వెన్నెముకకి దెబ్బ తగిలి, కదల్లేని స్థితిలో రోజుల తరబడి సాయం కోసం ఎదురుచూశారు. నాలుగేళ్ళ తర్వాత అదే రేస్‌కి మళ్ళీ వెళ్ళి గెలుపు దగ్గరిదాకా వచ్చారు. రెండు సంగతులూ గుర్తుంచుకోండి.

ఒక పడవ సముద్రానికి పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఇంటర్ లెక్కలతోనే చేసే మొదటి వడపోత ఒకటుంది. 1979లో ఇంగ్లండ్ దగ్గర ఫాస్ట్‌నెట్ రేస్‌లో 303 పడవలు తుఫానులో చిక్కుకుని 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పరిశీలనల్లోంచి ఈ సూత్రం వచ్చింది. పడవ బరువుని పౌండ్లలో తీసుకుని 64తో భాగించండి. వచ్చినదాని ఘనమూలం తీయండి. పడవ గరిష్ఠ వెడల్పుని, అడుగుల్లో, ఆ ఘనమూలంతో భాగించండి. జవాబు 2 కంటే తక్కువ ఉంటే మహాసముద్రానికి పరిశీలించొచ్చు.

రస్లర్ 36 బరువు 16,805 పౌండ్లు, వెడల్పు 11 అడుగులు. 16,805ని 64తో భాగిస్తే సుమారు 262.6. దాని ఘనమూలం 6.4. 11ని దాంతో భాగిస్తే 1.72. పాస్. కాకపోతే ఈ లెక్క బరువు పైన ఉందా, కింద కీల్‌లో ఉందా చూడదు. కాబట్టి వడపోత దాటిన పడవకి, ఎంత కోణం దాకా వంగినా తిరిగి లేస్తుందో చెప్పే స్థిరత్వ పటం కూడా అడగండి.

వేగం మీద ఆశలు పెట్టుకోకండి. ఇలాంటి పడవ గరిష్ఠ వేగం నీటిని తాకే పొడవు మీద ఆధారపడుతుంది. అడుగుల్లో ఆ పొడవు వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. 27 అడుగులకి సుమారు 7 నాట్లు, అంటే గంటకి 13 కిలోమీటర్లు. నిలకడగా వచ్చేది 5 నాట్లే. ఒక రాత్రీ ఒక పగలూ ఆగకుండా నడిస్తే 220 కిలోమీటర్లు. గద్వాల నుంచి హైదరాబాద్‌కి బస్సు నాలుగైదు గంటల్లో వెళ్ళే దూరానికి దీనికి దాదాపు రోజు పడుతుంది. స్పెయిన్‌కి చెందిన కెనరీ దీవుల నుంచి కరీబియన్‌కి 2,700 నాటికల్ మైళ్ళు. సుమారు మూడు వారాలు. ఆ మూడు వారాల్లో కిరాణా కొట్టు లేదు, మెకానిక్ లేడు, డాక్టర్ లేడు.

పైన పటారం, లోన లొటారం

సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ కొనేటప్పుడు మన ఊళ్ళో రైతు ఏం చేస్తాడు? రంగు చూడడు. ఇంజన్ స్టార్ట్ చేసి పొగ చూస్తాడు, కింద పడుకుని ఆయిల్ కారుతోందా చూస్తాడు. కుండ కొనేటప్పుడు అమ్మ వేలితో తట్టి శబ్దం వింటుంది. పాత పడవకీ ఇవే పరీక్షలు.

మొదటిది ఒళ్ళు. 1970ల నుంచి వచ్చిన పడవల్లో ఎక్కువ శాతం ఫైబర్‌గ్లాస్. ఇది తుప్పు పట్టదు, కానీ నీళ్ళు మెల్లగా లోపలికి ఊరి బొబ్బలు రావచ్చు. పైపై బొబ్బలకి భయపడక్కర్లేదు. బేరానికి పనికొస్తాయి. అసలు భయం డెక్ గురించి. చాలా పడవల్లో డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా కర్రతో చేసి ఉంటుంది. వదులైన బోల్టు సందులోంచి ఏళ్ళ తరబడి నీరు దిగితే ఆ కర్ర లోపలే కుళ్ళిపోతుంది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో అడుగడుగునా తట్టుకుంటూ పొండి. గట్టిగా టక్ మంటే మంచిది. బోలుగా, మెత్తగా వినిపిస్తే పుచ్చినట్టే. స్టీలు పడవైతే తుప్పు లోపలి నుంచి తింటుంది కాబట్టి రేకు మందం కొలిపించాలి. చెక్క పడవ అందంగా ఉంటుంది గానీ, వడ్రంగం రానివాళ్ళకి వద్దు.

రెండోది కీల్ బోల్టులు. 2014 మే నెలలో చీకీ రఫీకి అనే పడవ అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయి నలుగురు నావికులు చనిపోయారు. ఈ పడవ ఎప్పుడైనా నేలకి తగిలిందా, తగిలితే ఎవరు బాగుచేశారు అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. పడవని నీళ్ళలోంచి క్రేన్‌తో పైకి ఎత్తించి, కీల్ అతుకు దగ్గర పగుళ్ళు, తుప్పు చారలు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

మూడోది స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు. చూడ్డానికి మెరుస్తూనే ఉంటాయి. వాటి ఆయుష్షు మాత్రం సాధారణంగా 10 నుంచి 15 ఏళ్ళే. మార్చిన బిల్లు లేకపోతే పాతవనే లెక్కేసుకోండి. తీగలు పడవ ఒంటికి కలిసే స్టీలు పట్టీలని మరీ జాగ్రత్తగా చూడాలి. అవి డెక్ లోపల దాగి ఉండే చోటే తుప్పు పడతాయి.

నాలుగోది ఇంజన్. గాలి లేనప్పుడు, రేవులోకి వచ్చేటప్పుడు అదే దిక్కు. చల్లని ఇంజన్‌ని మీ ముందే స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి. నల్ల పొగ, తెల్ల పొగ, నీలి పొగ ఒక్కోటీ ఒక్కో రోగం చెబుతాయి. మెకానికల్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సెయిల్‌డ్రైవ్ రకమైతే నీటిని ఆపే రబ్బరు పొర ఎప్పుడు మార్చారో అడగండి. వోల్వో పెంటా దానికి ఏడేళ్ళ గడువు చెబుతుంది.

అయిదోది పడవ అడుగున నీళ్ళు లోపలికి వచ్చే కవాటాలు. ఒక్కోటీ తిప్పి చూడండి. బిగుసుకుపోయిన ఒక్క కవాటం, తెగిపోయిన ఒక్క పైపు చాలు పడవ మునగడానికి.

ఇవన్నీ చూశాక కూడా స్వతంత్ర మెరైన్ సర్వేయర్‌ని మీ డబ్బుతో మీరే పెట్టుకోండి. అమ్మేవాడు చూపించిన సర్వేయర్ వద్దు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు. అడ్వాన్స్ ఇచ్చేదాకా తీపిగా మాట్లాడినవాళ్ళు ఆ తర్వాత ఫోన్ ఎత్తకపోవచ్చు. ఒప్పంద పత్రంలో ‘సర్వే, సముద్రంలో ట్రయల్ సంతృప్తిగా ఉంటేనే’ అన్న షరతు రాయించండి.

ఇంటర్నెట్ ఉంది సరే, కరెంటు?

రిమోట్ ఉద్యోగం చేస్తూ పడవలో ఉందామనుకునే వాళ్ళు ఎక్కువగా మరిచిపోయే లెక్క ఇది. ఒక రోజు తీసుకోండి. ఫ్రిజ్‌కి సుమారు 600 వాట్ అవర్లు. శాటిలైట్ ఇంటర్నెట్ 50 వాట్ల చొప్పున పది గంటలు, 500. ల్యాప్‌టాప్ 60 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు, 480. లైట్లు, పంపులు, నావిగేషన్ పరికరాలు, ఆటోపైలట్ కలిపి 400 అనుకుందాం. మొత్తం దాదాపు 2,000. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద ఇది 165 ఆంపియర్ అవర్లు. పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది కాబట్టి, ఒక్క రోజుకే 330 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉండాలి. రోజుకి నాలుగు గంటల మంచి ఎండ లెక్కేస్తే 500 వాట్ల సోలార్ ప్యానెళ్ళు కావాలి. నలభై ఏళ్ళ నాటి పడవలో ఇవేవీ ఉండవు. వైరింగ్ కూడా అప్పటిదే అయితే మొత్తం పీకి కొత్తది వేయాలి. పడవల్లో మంటలకి పాత వైరింగ్ పెద్ద కారణం.

ఇంకో మాట. మన దేశ తీరంలో అనుమతి లేని శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడం నేరం. విదేశాల్లో మామూలుగా వాడే పరికరం ఇక్కడ పోలీస్ కేసు అవుతుంది.

నీటి లెక్క మన పాలమూరు వాళ్ళకి కొత్తేం కాదు. మనిషికి రోజుకి తాగడానికీ వంటకీ అయిదు లీటర్ల చొప్పున ఇద్దరికి మూడు వారాలకి 210 లీటర్లు. స్నానం ఉప్పు నీళ్ళతోనే. బిందె బిందెకి లెక్క తెలిసిన ఇంట్లో పెరిగినవాళ్ళు ఈ ఒక్క విషయంలో మాత్రం ముందుంటారు.

పడవ 34 లక్షలు... ఆ తర్వాత?

ఉదాహరణకి విదేశంలో 40 వేల డాలర్లకి ఒక పాత 36 అడుగుల పడవ దొరికిందనుకుందాం. డాలర్‌కి 85 రూపాయల చొప్పున 34 లక్షలు. తీగలు, తెరచాపలు, బ్యాటరీలు, సోలార్, లైఫ్ రాఫ్ట్, ఇంజన్ పనులు కలిపి కొన్న ధరలో 40 శాతమే అయిందనుకుంటే ఇంకో 13.6 లక్షలు. కొన్ని పాత పడవలకి ఇది కొన్న ధర దాకా కూడా పోతుంది. ఏటా నిర్వహణకి కనీసం కొన్న ధరలో 10 శాతం పక్కన పెట్టాలన్నది పడవలవాళ్ళు పాటించే లెక్క, 3.4 లక్షలు. చౌక పడవకి ఈ శాతం చాలదు. ఎందుకంటే విడిభాగాల దుకాణం వాడు మీరు పడవని ఎంతకి కొన్నారని అడగడు. వీటికి ఇన్సూరెన్స్, రేవు అద్దె, వీసాలు, తిండి వేరు. చివరికి అమ్మాల్సి వస్తే పాత పడవకి కొనేవాడు దొరకడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలలన్నీ రేవు అద్దె కడుతూనే ఉండాలి. ఇల్లయితే విలువ పెరుగుతుందన్న ఆశ ఉంటుంది. పడవకి అది లేదు.

డబ్బు పంపడానికీ దారి ఉంది, దానికీ లెక్క ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. 34 లక్షలు పంపితే 24 లక్షల మీద 4.8 లక్షలు. రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా తిరిగి వస్తుంది. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

ఇండియాకే తెచ్చుకుంటే? విలాస పడవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. కస్టమ్స్ సుంకం దానికి అదనం. కట్టేసుకోవడానికి కొచ్చిలోని బోల్గట్టి దగ్గర ఉన్నలాంటి అన్ని సౌకర్యాల మెరీనాలు మన తీరంలో అరుదు. అందుకే దూర ప్రయాణాలకని పడవ కొనే భారతీయులు సాధారణంగా విదేశంలో కొని, అక్కడే ఉంచడం గురించి ఆలోచిస్తారు.

జెండా ఎవరిది, వీసా ఎన్ని రోజులు?

కారుకి నంబర్ ప్లేట్ ఉన్నట్టే పడవకి ఒక దేశం జెండా ఉండాలి. చాలా దేశాలు తమ పౌరులకో, అక్కడ నివసించేవాళ్ళకో, అక్కడ పెట్టిన కంపెనీలకో మాత్రమే రిజిస్ట్రేషన్ ఇస్తాయి. మన దగ్గర 1958 చట్టం స్థానంలో 2025లో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం వచ్చింది. కొనే ముందే ఏ జెండా కింద పెడతారో లాయర్‌తో తేల్చుకోండి. అమ్మేవాడి పేరు మీద అప్పు ఉంటే పడవతో పాటు అదీ మీ వెంట వస్తుంది కాబట్టి, యాజమాన్య పత్రాల గొలుసు మొదటి నుంచి చివరి దాకా చూడాలి. యూరప్‌లో కొంటే వ్యాట్ కట్టిన రుజువు అడగండి.

వీడియోలోని యూరోపియన్ జంటకి లేని ఇబ్బంది మనకి ఒకటుంది. మన పాస్‌పోర్ట్. షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండటానికి లేదు. పడవ గ్రీస్‌లో ఉండొచ్చు గానీ మీరు బయటికి రావాలి. గాలి అనుకూలించక అనుకోని దేశం రేవులోకి వెళ్ళాల్సి వస్తే అక్కడి వీసా మీ దగ్గర ఉండదు. విమానానికి టికెట్ తీసుకున్నట్టు తేదీ చెప్పలేని ప్రయాణమిది. కాబట్టి పడవ కంటే ముందు రూటు గీసుకుని, ఒక్కో దేశం వీసా నిబంధన రాసుకోండి. ఈ ఒక్క కాగితం చాలామంది నిర్ణయాన్ని మార్చేస్తుంది.

నీళ్ళు అందరినీ ఒకేలా చూస్తాయి

2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఊళ్ళ వాళ్ళు ఇప్పటికీ ఆ రోజుని మర్చిపోలేదు. నదుల్లో పడవలకి సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ప్రాణరక్షణ సామగ్రి తప్పనిసరి చేస్తూ 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన లైఫ్ జాకెట్ దానంతట అది ఒంటి మీదికి రాదు. సోమశిల రేవులో ‘ఎండగా ఉంది’ అని జాకెట్ విప్పేసి సెల్ఫీ దిగే మనం, రేపు అట్లాంటిక్‌లో అర్ధరాత్రి జాకెట్, తాడు కట్టుకునే డెక్ మీదికి వస్తామా? అలవాటు ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

బాగా తయారైన పడవలూ మునుగుతాయి. అదే 2022 గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో ఫిన్లండ్ నావికుడు తాపియో లెహ్టినెన్ పడవ కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. ఆయన లైఫ్ రాఫ్ట్‌లోకి దూకి బతికారు. దారి మళ్ళించుకుని వచ్చి కాపాడిన కిర్‌స్టెన్ నాయ్‌షేఫరే చివరికి ఆ రేస్ గెలిచారు. తాపియో బతకడానికి కారణాలు మూడు: రాఫ్ట్ పనిచేసింది, సిగ్నల్ పరికరం పనిచేసింది, ఏం చేయాలో ఆయనకి ముందే తెలుసు. మొదటి రెండూ డబ్బుతో వస్తాయి. మూడోదానికి శిక్షణ కావాలి.

మరి మొదలెక్కడ?

మన జిల్లాల్లో ఇల్లు వదిలి వెళ్ళడం ఎప్పుడూ సరదా కోసం కాలేదు. ముంబయి, పుణె బస్సులెక్కి డ్యాములు, రోడ్లు కట్టిన తరం పిల్లలం మనం. చాలామంది బీటెక్ ఫీజు వెనక ఒక ఎకరమో, అమ్మ మెడలో గొలుసో ఉంది. ‘ఉద్యోగం మానేసి పడవలో ఉంటా’ అంటే ఇంట్లో వాళ్ళు భయపడేది సముద్రానికి కాదు, మళ్ళీ మొదటికి వస్తామేమోనని. వాళ్ళ ముందు పెట్టాల్సింది వీడియో కాదు, పైన చెప్పిన లెక్క. అప్పు తీరకుండా, ఒక ఏడాది ఖర్చు చేతిలో లేకుండా, ఇంట్లో వాళ్ళకి ఆరోగ్య బీమా లేకుండా పడవ కొనొద్దు.

కొనకుండానే ఈ బతుకు రుచి చూసే దారులున్నాయి. మొదట ఈత. తర్వాత తెరచాప. సముద్రం లేని హైదరాబాద్‌లోనే హుస్సేన్‌సాగర్ మీద యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఏళ్ళుగా సెయిలర్లని తయారు చేస్తున్నాయి. అక్కడ చిన్న డింగీలో గాలి చదవడం వస్తే పెద్ద పడవ సగం వచ్చినట్టే. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ప్రాణరక్షణ, పవర్ బోట్ కోర్సులు నడుపుతుంది. ఆ తర్వాత వేరేవాళ్ళ పడవలో క్రూగా ఒక్క దూర ప్రయాణం చేయండి. మూడో రాత్రి వాంతులు, నిద్రలేమి మధ్య రెండు గంటలకి లేచి కాపలా కాశాక కూడా ఇదే బతుకు కావాలనిపిస్తే, అప్పుడు పడవల ప్రకటనలు చూడండి.

నీళ్ళ మీద ఉద్యోగమే కావాలంటే దారులు ఇంకా దగ్గర. ఇంటర్ ఎంపీసీ వాళ్ళకి ఐఎంయూ సెట్ ద్వారా మర్చంట్ నేవీ, నావల్ ఆర్కిటెక్చర్ సీట్లున్నాయి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ విశాఖలోనే ఉంది. మెకానికల్ బీటెక్ చేసినవాళ్ళకి ఏడాది గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ కోర్సు ఉంది. నౌకాదళం సంగతి చెప్పక్కర్లేదు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా తొలిసారి తారిణి మీద భూమిని చుట్టిన ఆరుగురు మహిళల్లో హైదరాబాద్‌కి చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖకి చెందిన పి. స్వాతి ఉన్నారు. పడవ కొనకుండానే ప్రపంచం చుట్టిన తెలుగువాళ్ళు వీళ్ళు. ఒక్క హెచ్చరిక: ‘లక్ష కట్టు, ఓడలో ఉద్యోగం ఇప్పిస్తా’ అనే ఏజెంట్ కనిపిస్తే, అతని సంస్థకి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైట్లో చూడకుండా రూపాయి ఇవ్వకండి.

ఇంత చదివాక కూడా పాత పడవ మీద మనసు పోకపోతే, మంచిదే. ఒక నోట్‌బుక్ తీసుకుని అయిదు పేజీలు కేటాయించండి: పడవ పరీక్షలు, కరెంటు, డబ్బు, జెండా-వీసా, శిక్షణ. ఏ పేజీ ఖాళీగా ఉందో ఆ పని ముందు చేయండి. చాలామందికి అది చివరి పేజీయే అవుతుంది. హుస్సేన్‌సాగర్‌కి బస్సు గద్వాలలోనే ఎక్కొచ్చు.